దిష్టిగడ్డల హంపక్క

నమ్మని వాళ్ళుంటే ఇప్పుడే లేచి పోండి. నాకేం కోపం లేదు. కథ మధ్యలో మాత్రం "ఇదెట్లా అవుతుంది తాతా?" అని అడ్డం రావద్దు. ఒకాయన అట్లాగే అడ్డం వచ్చాడు. ఆయన కంట్లో నీళ్ళు మొదలై వారం దాకా ఆగలేదు, వాళ్ళ పెరట్లో ఎండిపోయిన బావి నిండింది. ఇంకొకాయన "అబద్ధం" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన నాలుకకు ఉప్పేదో పులుపేదో తెలియలేదు. మూడో ఆయన పైకి ఏమీ అనలేదు గానీ లోపల అనుకున్నాడు. ఆయన సంగతి చెప్పను. చెప్పొద్దని ఆయన పెళ్ళాం నా చేతులు పట్టుకుంది.

ఎవరూ లేవలేదా? సరే, వినండి.

ఉల్లిగడ్డకు ఎన్ని పొరలుండాలో ఇంకా తేలని కాలం అది. కొండలు కూడా పడుచు వయసులో ఉండి, పొద్దు వాలగానే నీడలు చాచి ఒకదాన్నొకటి గిల్లుకునే కాలం. ఆ కాలంలో గుండ్లవంక అని ఒక ఊరు. ఊరి పక్కన పారే వాగు పేరూ గుండ్లవంకే. పేరు ముందు ఊరిదా, వాగుదా అని ఆ రెండూ ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉన్నాయి. వానాకాలంలో పోయి వినండి, అరుపులు వినిపిస్తాయి.

ఆ ఊళ్ళో పండేది ఒకటే పంట. చిట్టిగడ్డ. మీరు సాంబారులో వేసుకునే చిన్న ఉల్లిగడ్డలు ఉన్నాయే, ఆ జాతి. ఒక్క గడ్డ నాటితే చుట్టూ పిల్లల్ని వేసుకుని గుత్తిగా లేస్తుంది. తల్లి ఎర్రదైతే పిల్లలూ ఎరుపే. తల్లి గుండ్రమైతే పిల్లలూ గుండ్రమే. గుండ్లవంక గడ్డలన్నీ ఒకే ఎరుపు, ఒకే గుండ్రం, ఒకే తూకం. వాటిని చూసి కవలపిల్లలు సిగ్గుపడి వేరువేరు ఊళ్ళకు కాపురాలు మార్చుకున్నారంటే, ఇంక చూసుకోండి.

ఆ ఊరి పెద్దకాపు బయన్న. మీసం ఎంత పొడుగంటే, కుడి మీసం మీద కూర్చున్న పిచ్చుకకు ఎడమ మీసం మీది పిచ్చుకతో చుట్టరికం ఉండేది కాదు. ఆయన మెడలో దండ బదులు ఒక కొయ్య పలక వేలాడేది. పలకకు నడిమధ్య బెజ్జం. తవ్విన ప్రతి గడ్డనూ ఆ బెజ్జంలో దూర్చి చూసేవాడు. ఒరుసుకుంటూ దూరిందా, మంచి గడ్డ. ఇరుక్కుందా, పనికిరాదు. ఊరికే జారిపోయిందా, పనికిరాదు. తెల్లగా ఉన్నా, పొడుగ్గా ఉన్నా, రెండు తలలతో ఉన్నా, బెజ్జం దాకా రానిచ్చేవాడే కాదు.

"మన ఊరికి వంకర గడ్డ పుట్టిందంటే ఎవరిదో కన్ను పడ్డట్టే!" అనేవాడు.

మరి ఆ వంకర గడ్డల్ని ఏం చేసేవాళ్ళు? దారానికి గుచ్చి, వాకిలికి దిష్టిగా కట్టేవాళ్ళు. వచ్చేపోయే వాళ్ళ చూపు ముందు ఆ వికారం గడ్డ మీద పడుతుంది, పాపిష్టి చూపంతా అక్కడే దిగిపోతుంది, ఇంట్లోని మంచి గడ్డలకు ఏమీ కాదు. అదీ వాళ్ళ లెక్క. అమావాస్య వచ్చిందంటే పాత దిష్టిగడ్డ విప్పి కొత్తది కట్టాలి. పాతది ఇంట్లో ఉండకూడదు. చేలో పడకూడదు. చేత్తో ముట్టుకోకూడదు. నెల పొడుగునా ఊరందరి ఏడుపూ తాగి ఉంటుంది గదా!

ముట్టుకునేది ఒక్కరే. హంపక్క.

హంపక్క మనిషి పొట్టి. గొంతు మాత్రం పెద్దది. ఆమె నవ్విందంటే వంకలో చేపలు ఉలిక్కిపడి గట్టెక్కేవి. వాటిని తిట్టి మళ్ళీ నీళ్ళలోకి తోలేది. పెండ్లయిన ఏడాదికే మొగుడు పోయాడు. సెంటు భూమి లేదు. "దిష్టిగడ్డలు ఏరి వంక అవతల పారెయ్యి, గింజలిస్తాం" అన్నారు పెద్దలు. అమావాస్య అమావాస్యకూ గంప ఎత్తుకుని ఇంటింటికీ తిరిగేది.

"హంపక్క వస్తోంది, దూరం దూరం!" అని పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు. కర్ర కొనతో దిష్టిగడ్డను తీసి గంపలో పడేసేవాళ్ళు. కొంగు పడితే, పైనుంచి గింజలు రాల్చేవాళ్ళు. చెయ్యి తగలకుండా, నీడ తగలకుండా.

"ఏం గౌరక్కా, కోడిని మేపినట్టు ఎత్తునుంచి పోస్తాండావు? కొక్కొక్కో అనేదా?" అని హంపక్క నవ్వేది.

బయన్న పెళ్ళాం గౌరక్క కూడా నవ్వు ఆపుకోలేకపోయేది. నవ్వి, తలుపు వేసుకునేది.

వంక అవతల ఒక దిబ్బ. దిబ్బ పక్కన హంపక్క గుడిసె. గంపెడు దిష్టిగడ్డలూ తెచ్చి దిబ్బ మీద గుమ్మరించేది. మొదటి ఏట ఒక దినం ఇంట్లో ఏమీ లేదు. ఒక గడ్డ తీసుకుని కాల్చుకుని తింది. చావలేదు. రెండోది తింది. అప్పుడూ చావలేదు. మూడోది తిని, "ఓసి మీ ఇండ్లు బంగారంగానూ, ఇంత రుచిని గుమ్మానికి ఉరేసినారే!" అని నవ్వింది. చేపలు గట్టెక్కాయి.

మిగిలిన గడ్డలు దిబ్బ మీదే మొలకలెత్తాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఊళ్ళో చేలల్లో చిట్టిగడ్డకు పువ్వుకాడ లేస్తే వెంటనే తుంచేసేవాళ్ళు. పువ్వు బలం లాగేస్తే గడ్డ చిక్కిపోతుందని. దిబ్బ మీద తుంచే దిక్కెవరు? కాడలు మనిషి నడుమెత్తు లేచాయి. కొనలకు తెల్లటి బంతుల్లాగా పూలు విరిశాయి. మూడు కొండల అవతల నుంచి తేనెటీగలు వచ్చాయి. ఈ పువ్వు పుప్పొడి ఆ పువ్వుకు, ఆ పువ్వు పుప్పొడి ఈ పువ్వుకు మోశాయి. పెండ్లి పెద్దలు కూడా అన్ని సంబంధాలు కుదర్చలేదు. నల్లటి గింజలు రాలాయి. వాన పడింది.

గడ్డ నాటితే ఆ తల్లే మళ్ళీ లేస్తుంది. గింజ పడితే బిడ్డ పుడుతుంది. బిడ్డ ఏ తాత ముక్కు తెచ్చుకుంటుందో, ఏ అవ్వ రంగు తెచ్చుకుంటుందో పుట్టిందాకా ఎవరికి తెలుసు?

అబ్బో, ఎన్ని తీర్లు పుట్టాయో! కొంగమెడలాగా పొడుగ్గా సాగినవి కొన్ని. బొంగరంలాగా అణిగి కూర్చున్నవి కొన్ని. వెన్నలాంటి తెల్లవి, రాగిచెంబు రంగువి, నేరేడుపండు రంగువి. ఒంటిగా ఠీవిగా ఉండేవి ఉంటే, పన్నెండు మంది పిల్లల్ని చంకనేసుకున్నవీ ఉన్నాయి. ఒకదాని పొట్టు ఎన్ని పొరలంటే, పెండ్లి నాడు వలవడం మొదలుపెడితే సీమంతానికి లోపలి గడ్డ కనబడేది. ఒకటి ఎంత తీపంటే, పక్క రాజ్యం నుంచి చీమలు వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవి. చింతగింజంత గడ్డ ఒకటుండేది. దాన్ని కోస్తే వంక ఇవతల గాటికి కట్టిన ఎద్దు వెక్కి వెక్కి ఏడ్చేది. ఎద్దు గలాయన దానికి ఏం కష్టం వచ్చిందోనని తానూ ఏడ్చేవాడు.

హంపక్క వాటికి పేర్లు పెట్టి పిలిచేది. "ఏమే కొంగమెడా, పక్కనోళ్ళ సంసారంలోకి తొంగి చూడాకు." "తోడికోడండ్లూ, ఒకే పొట్టులో ఉండి పోట్లాట ఏందే?" అని రెండు తలల గడ్డను మందలించేది.

అన్నీ కలిపి పులుసు పెట్టేది. చింతపండు, నువ్వుల నూనె, రెండు మిరపకాయలు, గుప్పెడు గడ్డలు. ఒకటి పంటి కింద తియ్యగా పగిలేది. ఒకటి చురుక్కుమనేది. ఇంకొకటి తనకే రుచీ లేక, పులుసంతా పీల్చుకుని తానే పులుసయ్యేది. పక్కన వేడి వేడి రాగి సంగటి.

ఇంత పులుసు పెట్టి ఒక్కతే తినేది. అదొక్కటే హంపక్క బాధ. ఏ బాధ వచ్చినా నవ్వి తోలేసే మనిషే గానీ, ఈ ఒక్కటి మాత్రం నవ్వుకు లొంగలేదు. తన వాకిట్లో ఒక్క మనిషి, ఒక్కటంటే ఒక్క మనిషి, కూర్చుని తన చేతి ముద్ద తినాలి. దిష్టి ముట్టిన చేయి గదా, ఎవరు తింటారు? అయినా దినమూ ఒక మోదుగాకు విస్తరి ఎక్కువే కుట్టేది.

"విస్తరి ఉంది, వండింది ఉంది, తినే మనిషే లేదు" అనుకునేది.

ఊరివాళ్ళు రారు. మరి దారిన పోయేవాళ్ళో?

మొదట ఒక జంగమయ్య వచ్చాడు. చేతిలో గంట. ఆ గంట కొడితే ఆవుల పొదుగుల్లో పాలు గడ్డపెరుగయ్యేవి, అంత మహిమ. "రా సామీ, ఒక్క ముద్ద తిని పో" అంది హంపక్క. జంగమయ్య కూర్చున్నాడు. ముద్ద కలిపాడు. నోటి దాకా తెచ్చాడు. వంక అవతల నుంచి బయన్న కేక వేశాడు.

"తినాకు సామీ! అవి దిష్టిగడ్డలు!"

జంగమయ్య ముద్ద వదిలేసి గంట పట్టుకుని పరుగు. హంపక్క విస్తరి ఎత్తి కాకులకు పెట్టింది. "విస్తరి ఉంది, వండింది ఉంది, తినే మనిషే లేదు. కాకులన్నా రాండే, ముక్కు కడుక్కుని రాండి."

తరువాత ఒక గాజుల సెట్టి వచ్చాడు. భుజాన గాజుల మలారం. ఆయన మాటలు ఎంత నున్ననంటే, గాజులు కొనడానికి వచ్చినవాళ్ళు జారి పడేవాళ్ళు. "రా అన్నా, ఒక్క ముద్ద తిని పో" అంది హంపక్క. సెట్టి కూర్చున్నాడు. ముద్ద కలిపాడు. నోటి దాకా తెచ్చాడు.

"తినాకు సెట్టీ! అవి దిష్టిగడ్డలు!"

సెట్టి లేచిన లేవడానికి సగం గాజులు పగిలాయి. పెద్ద దూరం పోయి, అక్కడి నుంచి, "అక్కా, వాసన మాత్రం బ్రహ్మాండం!" అని అరిచి మళ్ళీ పరుగెత్తాడు. కాకులు ముక్కులు కడుక్కుని సిద్ధంగానే ఉన్నాయి.

మూడోసారి ఒక బంటు వచ్చాడు. యుద్ధం నుంచి తిరిగి వస్తున్నాడు. ఏనుగు తొండాన్ని ముడివేసి వదిలిన మనిషి. పులి ఎదురొస్తే దారి ఇవ్వమని పులినే అడిగేవాడు. "నువ్వు దేనికీ జడిసేవానివి కాదు గదా నాయనా?" అని హంపక్క ముందే అడిగింది. బంటు ఛాతీ చరుచుకున్నాడు. ఆ చప్పుడుకు గుడిసె కప్పు ఒక జానెడు లేచి మళ్ళీ కూర్చుంది. ముద్ద కలిపాడు. నోటి దాకా తెచ్చాడు.

"తినాకప్పా! అవి దిష్టిగడ్డలు!"

ఏనుగు తొండాన్ని ముడివేసిన చేయి ముద్దను జారవిడిచింది. బంటు చెప్పులు కూడా వదిలేసి పోయాడు.

ఈసారి బయన్న ఊరికే పోలేదు. వంక ఒడ్డుకు వచ్చి నిలబడ్డాడు.

"హంపక్కా, ఇది చివరి మాట. ఇంకొకసారి పరాయి మనిషికి ఈ గడ్డలు పెట్టినావంటే గుడిసె పీకిస్తా. ఈ దిబ్బకు నిప్పు పెట్టిస్తా. మా ఊరి పొలిమేరలో నీకు నిలువ నీడ ఉండదు."

"ఈ వయసులో యాడికి పోయేది బయన్నా?"

"దిష్టి యాడికి పోతాదో ఆడికే!"

హంపక్క ఆ దినం నవ్వలేదు. చేపలు ఎదురుచూసి ఎదురుచూసి పడుకున్నాయి. ఆ తరువాత కూడా విస్తరి కుట్టడం మాత్రం మానలేదు. కుట్టేది, చూరులో దోపేది.

ఇట్లా ఉండగా, ఆ సీమ పాలెగాని కూతురు కోనమ్మ పల్లకిలో పుట్టింటికి పోతూ ఆ దారిన వచ్చింది. తొలిచూలు. కడుపు నిండుగా ఉంది గానీ మనిషి పుల్లలాగా ఉంది. వేవిళ్ళు పట్టింది మొదలు తిన్నది నిలవడం లేదు. నెలలు నిండుతున్నా ఆగలేదు. ఎంత తేలికైపోయిందంటే, పల్లకి గాలికి ఎగరకుండా బోయీలు లోపల రోలు పెట్టి మోస్తున్నారు. ఏదో ఒకటి తినకపోతే పుట్టింటి గడప చూడదని తోడు వచ్చిన దాది కండ్లనీళ్ళు పెట్టుకుంటోంది.

పెద్దకాపు బయన్న పల్లకికి ఎదురుపోయాడు. పలక తుడుచుకుని, మీసాలు దువ్వుకుని.

"దొరసానమ్మా, మా ఊరి గడ్డ తింటే లేచి కూచుంటావు. ఒకదాన్ని చూస్తే అన్నిట్నీ చూసినట్టే!"

వేపుడు తెచ్చారు. కోనమ్మ వాసన చూసి మొగం తిప్పుకుంది. పచ్చడి తెచ్చారు. వేలితో నాకి, "ఇదీ అదే గదా" అంది. పులుసు తెచ్చారు. "ఇదీ అదే. ఆ ఘాటే. ఆ మంటే. ఆ పక్కకు తీసేయండప్పా, కడుపులో దేవుతాంది" అంది. గౌరక్క గడ్డల్ని పాలలో ఉడికించింది, బెల్లంలో పొర్లించింది, నిప్పుల్లో కాల్చింది. అన్నీ ఒకే గడ్డ అయితే రుచి యాడి నుంచి వస్తుంది? బయన్న మీసాలు కిందికి వాలాయి. పిచ్చుకలు ఎగిరిపోయాయి.

అప్పుడు వంక మీదుగా గాలి తిరిగింది.

కోనమ్మ తల ఎత్తింది. ముక్కు ఎగబీల్చింది. పాలిపోయిన చెంపలకు రంగు వచ్చింది.

"ఏందా వాసన?"

జనం వంక కనబడకుండా అడ్డంగా జరిగి నిలబడ్డారు.

"ఎవరింట్లో ఉడుకుతాందో చెప్పండప్పా!"

"అది ఇల్లు కాదమ్మా" అన్నాడు బయన్న. "అది... అవతల."

కోనమ్మ ఇంక ఆగలేదు. పల్లకి ఎక్కింది. "పదండి!" అంది. బోయీలు ఆమె గొంతులో అంత బలం విని నెలలయింది. రోలు కింద పడేసి పరుగు పెట్టారు. ఆ పరుగుకు వంకలో నీళ్ళు రెండుగా చీలి, వాళ్ళు దాటిందాకా నిలబడి ఉన్నాయి. తరువాత వచ్చిన బయన్నకు మాత్రం నిలబడలేదు. ఊరి జనంతో సహా నడుములోతు నీళ్ళలో పడుతూ లేస్తూ రావలసి వచ్చింది.

హంపక్క పొయ్యి దగ్గర ఉంది. వాకిట్లో పల్లకి దిగింది. నిండు చూలాలు గడ్డి మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"అవ్వా, ఆకలైతాంది. పెడతావా?"

ఆ మాట కోసం హంపక్క ఎన్నేండ్లు ఎదురుచూసిందో నేను చెప్పలేను. లెక్కపెట్టిన కాకులు ముసలివై చచ్చిపోయాయి. చూరులో విస్తరి తీసింది. దులిపింది. నీళ్ళు చిలకరించింది. సంగటి ముద్ద పెట్టింది. నడుమ గుంట చేసి పులుసు పోసింది. కోనమ్మ ముద్ద కలిపింది. నోటి దాకా తెచ్చింది.

హంపక్క అలవాటు కొద్దీ వంక వైపు చూసింది. కేక రాలేదు. బయన్న ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు. నోట్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు. అరిచే దిక్కు లేదు. మాట్లాడకుండా ఊరుకుంటే చాలు. ఒక్క ముద్ద లోపలికి పోతే చాలు. ఇన్నేండ్ల కోరిక తీరుతుంది.

కానీ నిండు చూలాలు. దిష్టివస్తువు నీడ పడినా కడుపుతో ఉన్నవాళ్ళకు మంచిది కాదని అందరూ అనే కాలం. తాను నమ్మినా నమ్మకపోయినా, తినేది ఆ తల్లి. తెలిసి తినాలి గదా!

"ఆగు తల్లీ!"

ఆ కేక ఈసారి వంక అవతల నుంచి రాలేదు. హంపక్క నోట్లో నుంచే వచ్చింది.

"తినాకు. ఇవి దిష్టిగడ్డలు. ఊళ్ళో గుమ్మాలకు కట్టినవి. నేనేరి తెచ్చి దిబ్బ మీద పోస్తే, వాటి కడుపున పుట్టినవి. నా చేయి కూడా దిష్టి ముట్టిన చేయే. చెప్పకుండా పెట్టలేను తల్లీ."

దాది "అమ్మో!" అని గుండె మీద చేయి వేసుకుంది. బోయీలు వెనక్కి జరిగారు. ముద్ద అట్లాగే ఆగింది. వంక కూడా పారడం ఆపి చెవి పెట్టింది.

కోనమ్మ అడిగింది. "నువ్వు తింటావా అవ్వా వీటిని?"

"కాపురానికొచ్చిన మరుసటేటి నుంచి ఇవే తింటాండా."

"నీకేమైంది?"

"ఏమైందంటే..." హంపక్క ఆలోచించింది. "ఏం కాలేదు. మనుషులు రాలేదు. అంతే."

"నేనొచ్చినా గదా" అంది కోనమ్మ. ముద్ద నోట్లో పెట్టుకుంది.

నమిలింది. మింగింది. అందరూ ఊపిరి బిగపట్టారు. ఆ ఊపిరి బిగింపుకు గాలి ఆడక చెట్ల ఆకులు వాలిపోయాయి. కోనమ్మ వేలు నాకింది.

"ఇది తియ్యగా ఉంది." రెండో ముద్ద. "ఇది చురుక్కుమంది!" మూడో ముద్ద. "ఇదేందో వేరే! అవ్వా, ఏ ముద్దకు ఆ ముద్దే వేరేగా ఉంది. ఇంకొంచెం పోయి."

సరిగ్గా అప్పుడే బయన్న తడిసిన మీసాలతో గట్టెక్కాడు. "తినాకు తల్లీ! అవి దిష్టి..."

"అరవాకు బయన్నా" అంది కోనమ్మ, నోటి నిండా సంగటితో. "నీ వంతు వచ్చిందాకా కూచో."

పాలెగాని కూతురు కూచోమంటే నిలబడే దమ్ము ఎవరికుంది? బయన్న కూర్చున్నాడు. వెనక వచ్చిన ఊరంతా కూర్చుంది. కోనమ్మ తిన్న తిండికి కుండ అడుగు కనబడింది. హంపక్క మళ్ళీ పొయ్యి మీద ఎసరు పెట్టింది. గౌరక్క ఒక్క క్షణం తటపటాయించి, కొంగు నడుముకు దోపి, "పీట యాడుంది హంపక్కా? గడ్డలు నేను కోస్తా" అంది.

హంపక్క చేయి ముట్టుకుని పీట అందుకుంది. అంత మంది చూస్తుండగా.

గౌరక్క తెలియక ముందుగా ఆ చింతగింజంత గడ్డను కోసింది. అబ్బ! ఊరు ఊరంతా ఒక్కసారి ఘొల్లుమంది. బోయీలు ఏడ్చారు, దాది ఏడ్చింది, కాకులు రెక్కలతో కండ్లు తుడుచుకున్నాయి. ఆ కన్నీళ్ళకు వంక గట్టు ఒక చోట తెగింది. ఏడుస్తున్నవాళ్ళను చూసి హంపక్క నవ్వింది. చేపలు గట్టెక్కాయి. కావలసినన్ని చేపలు, కావలసినంత పులుసు!

బయన్న మాత్రం దిబ్బ మీద కూర్చుని గడ్డల్ని పలకలో దూర్చి చూస్తున్నాడు. చేతులు ఊరుకోవు గదా! కొంగమెడ అవతలికి పోయి తిరిగి చూసింది. బొంగరం అడ్డం తిరిగింది. తోడికోడండ్లు ఇరుక్కున్నాయి. ఎంత లాగినా రాలేదు. ఇంకొంచెం బలంగా తోశాడు. ఫట్! పలక నిలువునా చీలింది.

"బయన్నా" అంది హంపక్క, విస్తరి ముందు పెడుతూ. "దాని కొలత దానిదే. నీ బెజ్జంలో పట్టలేదని దాన్ని అనేది ఏముంది? తిను. తినాకు అని అరిచేవాళ్ళు ఈ పొద్దు ఎవరూ లేరు."

బయన్న తిన్నాడు. కండ్లనీళ్ళు కారుతుంటే, "గడ్డ ఘాటు, గడ్డ ఘాటు" అంటూ తిన్నాడు. ఆయన విస్తరిలో పడినవన్నీ తియ్యటి గడ్డలే అని వడ్డించిన గౌరక్క చెప్పింది.

కోనమ్మ పుట్టింటికి చేరింది. పురుడు పోసుకుంది. ఒక్కరు కాదు, ముగ్గురు! ఒకరి పోలిక ఒకరికి లేదు. ఒకడు నేరేడుపండు, ఒకడు రాగిచెంబు, మూడోది ఆడపిల్ల, వెన్నముద్ద. మొదటివాడు పుట్టగానే ఏడ్చాడు. రెండోవాడు నవ్వాడు. ఆడపిల్ల ఇటూ అటూ చూసి, "పులుసేది?" అని అడిగింది. మంత్రసానికి నోరు పడిపోయింది, మూడో పూటకు గానీ రాలేదు.

గుండ్లవంకలో ఆ ఏటి నుంచి చేలన్నీ దిబ్బ గడ్డలతోనే నిండాయి. ఒక సాలు తెల్లగా, ఒక సాలు ఎర్రగా, ఒక సాలు ఏ రంగో తేల్చుకోలేక. దూరం నుంచి చూస్తే నేల మీద అద్దకం చీర ఆరేసినట్టు ఉండేది. హంపక్క వాకిట్లో విస్తరి కుట్టే పని హంపక్క చేతి నుంచి జారిపోయింది. ఒక్క చేత్తో కుట్టేటన్ని విస్తర్లు కావు అవి.

ఆమె ఎంత కాలం బతికిందో చెప్తే మీరు లేచి పోతారు. లేచి పోయే వేళ దాటింది గనుక చెప్పను. పోయిన దినం మాత్రం చెప్తాను. ఒకప్పుడు ఆమె నీడ తగలకుండా గింజలు రాల్చినవాళ్ళ పిల్లలు, "నేను మోస్తా" అంటే "నేను మోస్తా" అని పోట్లాడుకున్నారు. పాడె ఒక భుజం నుంచి ఇంకొక భుజానికి పోతూ మూడు ఊళ్ళు తిరిగి వచ్చింది. పెద్దదినం నాడు విస్తర్లు వేశారు. ఒక చివర దిబ్బ దగ్గర, ఇంకొక చివర కొండ అవతల. ఇవతల వాళ్ళు తిని చేతులు కడుక్కునేసరికి అవతల వాళ్ళకు ఆకు వేయడానికి మనుషులు గుర్రాల మీద పోయారు. పాలెగాని మనవళ్ళిద్దరు, మనవరాలు దగ్గరుండి వడ్డించారు. ఏ ముగ్గురూ ఒక్క తీరున వడ్డించలేదు.

అప్పటి నుంచి ఆ సీమలో ఒక పద్ధతి ఉంది. సీమంతం చేసేటప్పుడు చూలాలి ఒడి నిండా చిట్టిగడ్డలు పోస్తారు. ఏ రెండూ ఒకే తీరువి ఉండకూడదు. రెండు ఒకే తీరువి వస్తే, ఒకదాన్ని తీసి పొరుగింటికి పోయి మార్చుకుని రావాలి. ఆ దిబ్బ మీద పువ్వుకాడ ఎవరూ తుంచరు. ఎవరైనా గడ్డలు తవ్వుకోవచ్చు, మన చేలో పుట్టిన ఒక వింత గడ్డను అక్కడ వదిలి రావాలి, అంతే. ఇంట్లో చిట్టిగడ్డ పులుసు పెట్టిన రోజు వాకిట్లో ఒక విస్తరి ఎక్కువ వేసి, "హంపక్క చుట్టం ఎవరన్నా ఉంటే రాండప్పా!" అని వీధిలోకి కేక వేస్తారు. దారిన పోయేవాడు వచ్చి కూర్చుంటాడు. ఏ ఊరు, ఎవరు అని అడగరు.

ఇంకా నమ్మకం కుదరలేదా? అయితే గుండ్లవంకకే పోండి. కుమ్మరి ఉరుకుందమ్మ ఇల్లు ఎవరైనా చూపిస్తారు. పాలెగాని మనవరాలి చేతి వడ్డన తిన్నవాళ్ళ వంశం. హంపక్క కథ నిజమా అని ఆమెనే అడగండి. కాకపోతే ఒకటి. ముందు కూచోబెట్టి ముద్ద పెడుతుంది. మీరు తిన్నాకే ఉరుకుందమ్మ నోరు విప్పుతుంది.